తోకమాటతో తంటా

వెనుక ఒకసారి నా దరఖాస్తును ‘టర్న్ డౌన్’ చేశామని జవాబు వచ్చింది. ‘టర్న్’ అంటే తిప్పడం, ‘డౌన్’ అంటే కిందికి. కింది ఆఫీసుకు తిప్పి పంపారు కాబోలునని మూడు నెలలు ఎదురు చూశాను. ఈలోగా మరో ఉద్యోగానికి గడువు కాస్తా దాటిపోయింది. తీరా చూస్తే, దాని అర్థం నిరాకరించామని!

లాంతరు వత్తి తగ్గించడమూ ‘టర్న్ డౌన్’ చేయడమే. అక్కడ మాటలను బట్టి అర్థం తెలుస్తుంది. దరఖాస్తు దగ్గర తెలియదు. ఇందులో వింతేముంది? మనం ‘చేయి చేసుకొన్నాడు’ అంటే కొట్టాడనే కదా!

ఇంకొకటి: ‘ఇట్’ వస్తే నడుమనే ఉండాలి. ‘టర్న్ ఇట్ డౌన్’ అనాలి గాని, ‘టర్న్ డౌన్ ఇట్’ అనరాదు.

మీ పిల్లలకు ఇటువంటి క్రియలను తోకతోనూ వాక్యంతోనూ కలిపి నేర్పండి. నాలాగా గడువులు పోగొట్టుకోరు.