కట్టబోవు ఇంటికి ముందుచూపు

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అను సామెత నెఱుగని గృహిణి యుండదు. పెండ్లిమాట యటుంచి, ఇంటి విషయమున నేడా సామెత కొంత మాఱినది. కట్టకముందే ఇల్లు చూపెడి యుపాయములు వచ్చినవి. పునాదియైన త్రవ్వని స్థలమున ఐదంతస్తుల మేడ నిలిచినట్లును, దాని ముంగిట చెట్లు పూచినట్లును, వసారాలో లేయెండ పడినట్లును రంగుల పటములు చూపి, బయానా యిమ్మని బిల్డర్లు మనల నడుగుచున్నారు. ఆ బయానాలో ఎన్నో యేండ్ల జీతము మిగులును, పుట్టింటివారు పెట్టిన బంగారమును కలిసియుండును. కావున ఆ పటమెట్లు పుట్టునో, అందు సత్యమెంతయో, కల్పన యెంతయో తెలిసికొనుట గృహిణులకు వేడుక మాత్రమే కాదు, అవసరము కూడ.

ఇట్టి పటమును ఆర్కిటెక్టులు రెండరింగు అందురు. సామాన్యముగా నది రెండు తునకల అతుకు. ఒకటి స్థలముయొక్క నిజమైన ఛాయాచిత్రము. రెండవది కంప్యూటరుపై గీసిన యింటిబొమ్మ. మొదటిదానిని తీయుటకు నేడు చిన్న డ్రోనులను వాడుచున్నారు. బొమ్మ యెంత యందముగా నున్నను, దానికి ఆధారమైన ఛాయాచిత్రము సత్యమైననే ఆ పటము నమ్మదగినది.

పూర్వపు ప్రయత్నములు

ఉన్న స్థలముపై లేని కట్టడమును చూపుట క్రొత్త విద్య కాదు. ఇంగ్లండు దేశమున హంఫ్రీ రెప్టన్ (1752–1818) అను ఉద్యానశిల్పి తన యజమానులకు ఎఱ్ఱని తోలు అట్టలుగల పుస్తకములు సిద్ధపఱచి యిచ్చెడివాడు. అందు నీటిరంగులతో వ్రాసిన చిత్రముపై కాగితపు రెక్క యొకటి యతికియుండును. రెక్క మూసియున్నపుడు నేడున్న తోట కనబడును. ఎత్తినచో అతడు వేయదలచిన తోట కనబడును. ఆ రెక్క చిన్నదే గాని, దాని మేలు పెద్దది. చూచువారు ఉన్నదానిని, రాబోవుదానిని ఒకేచోట పోల్చుకొనగలిగిరి. నేటి యమ్మకపు పుస్తకములలో తఱచుగా ఆ రెక్క లేదు. రాబోవు బొమ్మ మాత్రమే మిగిలినది.

ఆకాశమునుండి ఫొటో తీయుటయు పాత కోరికయే. 1858లో నాదార్ అను ఫ్రెంచి ఛాయాచిత్రకారుడు పారిసు సమీపమున బెలూను నెక్కి తీసిన ఫొటోలు నేడు లేవు. 1860లో అమెరికాలోని బోస్టను నగరమును బెలూనునుండి జేమ్సు బ్లాకు అనునతడు తీసిన ఫొటో నేటికిని నిలిచియున్నది. 1888లో ఆర్థర్ బాతూ అను ఫ్రెంచివాడు గాలిపటమునకు కెమెరా కట్టి యెగురవేసెను. 1906 భూకంపమున సాన్‌ఫ్రాన్సిస్కో నగరము పాడుపడినపుడు జార్జి లారెన్సు గాలిపటముల వరుసతో పెద్ద కెమెరాను సుమారు 2,000 అడుగుల యెత్తున కెక్కించి, ఆ నగర మంతటిని ఒక్క పటమున చూపెను. ఆనాడు గాలి యెటు వీచిన నటు కెమెరా ఊగెడిది. నేడు చిన్న యంత్రము కోరిన యెత్తున, కోరిన చోట కదలక నిలుచుచున్నది.

డ్రోను ఎట్లు నిలుచును?

డ్రోను అను ఆంగ్లపదమునకు మగతేనెటీగ యని యర్థము. యంత్రముయొక్క ఝంకారమును వినినవారికి ఆ పేరు తగియున్నదనిపించును. దానికి సాధారణముగా నాలుగు మూలల నాలుగు చిన్న గాలిమరలుండును. ఎదురుమూలలందలి రెండు ఒకవైపునకు తిరిగిన, తక్కిన రెండు దానికి విరుద్ధముగా తిరుగును. అన్నియు నొకే వైపునకు తిరిగినచో యంత్రమే బొంగరమువలె గిరగిర తిరిగిపోవును. ఉపగ్రహముల సంకేతములచే తానెచట నున్నదో తెలిసికొనుచు, గాలి కొట్టినపుడెల్ల తన్ను తాను సరిచేసికొనును. చిన్నరకపు డ్రోను పావుకిలో కందిపప్పు పొట్లమునకు మించి తూగదు. ఒకమారు బ్యాటరీ నింపిన సుమారు అరగంట యెగురును. తీసిన ప్రతి ఫొటోతోబాటు తేది, వేళ, అక్షాంశ రేఖాంశములు, ఎత్తు, కటకపు వివరము ఆ ఫొటోలోనే నమోదగును. ఈ నమోదే తరువాతి పనికంతకును మూలము.

పటము తయారగు విధము

పని నేలమీద మొదలగును. స్థలపు మూలలయందు సున్నముతో పెద్ద గుర్తులు పెట్టి, వాని మధ్య దూరములను టేపుతో కొలిచి వ్రాసికొందురు. పొడవు తెలిసిన కఱ్ఱ యొకటి నిలువుగా పాతుదురు. ఇవి లేనిచో ఫొటోలోని యే వస్తువు ఎంత పెద్దదో నిశ్చయముగా చెప్పుట కష్టము.

పిదప డ్రోనును ఎగురవేసి, క్రిందికి తిన్నగా చూచుచు వరుసలు వరుసలుగా ఫొటోలు తీయుదురు. ముగ్గునకు చుక్కలు పెట్టునపుడు వరుస తప్పనీయము గదా, ఇదియు నట్టిదే. ఒక్కొక్క ఫొటో ప్రక్కదానిపై ముప్పాతికవంతు కప్పునట్లుండవలయును. ఒకే చెట్టు పలుచోట్లనుండి కనబడినపుడు, కంప్యూటరు ఆ కోణములను పోల్చి దాని స్థానమును, ఎత్తును లెక్కగట్టును. మన రెండు కన్నులు దూరమును తెలిసికొను విధముకూడ నిట్టిదే. ఇట్లు స్థలముయొక్క పల్లము మిట్టలు, చుట్టుగోడలు, బావి, ప్రక్కమేడలు అన్నియు కొలతలతో సిద్ధమగును.

తరువాత ఏటవాలుగా కొన్ని ఫొటోలు తీయుదురు. బొమ్మను అతికించునది వీనిపైననే. డ్రోను ఏ చోట, ఏ యెత్తున, ఏ కటకముతో చూచెనో, కంప్యూటరులోని కల్పిత కెమెరానుగూడ ఆ చోటనే, ఆ యెత్తుననే, ఆ కటకముతోనే నిలుపుదురు. స్థలపు మూలలు బొమ్మ మూలలతో కలిసినచో ఇల్లు నేలపై సరిగా కూర్చుండును. కలియనిచో మేడ గాలిలో తేలినట్లో, నేలలో క్రుంగినట్లో కనబడును. ఇంటికి ముందున్న కొబ్బరిచెట్టు, కరెంటుతీగలు బొమ్మకు వెనుక పడక ముందే యుండునట్లు జాగ్రత్తపడుదురు. ఫొటోలో నీడలు పడమరకు వాలియుండగా బొమ్మలో నీడ తూర్పునకు వాలిన, మన కన్ను కారణము తెలియకున్నను అబద్ధమును పసిగట్టును.

లేని కిటికీలోనుండి చూచుట

గృహిణులకు మిక్కిలి యుపయోగకరమైన ఫొటో వేఱొకటి కలదు. ఐదవ యంతస్తున ఫ్లాటు కొనదలచితి రనుకొందము. అంతస్తునకు పదేసి యడుగులచొప్పున ఆ నేల సుమారు 50 అడుగుల యెత్తున నుండును. అచట నిలిచినవారి కన్ను 55 అడుగుల యెత్తున నుండును. డ్రోనును ఆ స్థలముపై సరిగా ఆ యెత్తున నిలిపి నలుదిక్కుల ఫొటోలు తీసినచో, ఇంకను కట్టని వంటగది కిటికీనుండి రేపు మీకు కనబడునదేదో నేడే కనబడును. ఎదుట చెఱువున్నదా, పొగగొట్టమున్నదా? పొరుగింటివారి మిద్దె మన పడకగదికి ఎదురుగా నున్నదా? ప్రక్కన ఖాళీ జాగా యున్నచో సంతోషపడి యూరకుండరాదు. ఆ జాగాలో రేపు ఎన్ని యంతస్తులు లేవవచ్చునో విచారించి, ఆ మేడనుగూడ పటమున గీయించి చూడవలయును. నేటి వెలుతురు రేపు ఆ గోడ వెనుకకు పోవచ్చును.

ఎండ విషయమును ఇట్లే ముందుగా తెలిసికొనవచ్చును. హైదరాబాదు సుమారు పదునేడున్నర ఉత్తర అక్షాంశమున నున్నది. అచట డిసెంబరు 21 ప్రాంతమున మిట్టమధ్యాహ్నము సూర్యుడు దక్షిణపు దిక్కున సుమారు 49 డిగ్రీల యెత్తుననే యుండును. అప్పుడు 50 అడుగుల మేడ ఉత్తరపువైపునకు 43 అడుగుల నీడ వేయును. కావున దక్షిణపు ప్రక్క మేడ దగ్గరగా నున్నయింటి క్రింది యంతస్తులకు చలికాలమున మధ్యాహ్నపుటెండ దొరకదు. బట్టలాఱవు, గోడలు చెమ్మగిల్లును. మే నెల రెండవ వారము మొదలు ఆగస్టు మొదటివారము వఱకు మధ్యాహ్నసూర్యుడు నడినెత్తికి కొంచెము ఉత్తరముగా నుండును గనుక, ఆ దినములలో ఉత్తరపు కిటికీలకుగూడ ఎండ తగులును. డ్రోను తెచ్చిన కొలతలు సరియైనవైనచో ఏ దినమున, ఏ గంటకు, ఏ గదిలో ఎండ పడునో కంప్యూటరు గీసి చూపగలదు. ఒక్క యందమైన సాయంకాలపు పటము చూపువారిని, డిసెంబరు మధ్యాహ్నపు పటముకూడ చూపుడని యడుగుటకు వెనుదీయకుడు.

మోసము చొచ్చు ద్వారములు

అబద్ధము చెప్పుటకు బొమ్మను మార్చనక్కఱలేదు. చిన్న డ్రోనుల కెమెరాలు తఱచుగా విశాలమైన దృష్టిగలవి. అట్టి కటకము దగ్గఱి వస్తువును పెద్దదిగాను, దూరపుదానిని చిన్నదిగాను చూపును. ఇఱుకైన ముంగిలి మైదానమువలె కనబడును. ప్రక్కమేడలు దూరముగా తొలగినట్లు తోచును. ఎత్తుకూడ నట్టిదే. 300 అడుగుల పైనుండి చూచిన మురికికాలువ వెండితీగవలె మెఱయును. అందు వాసన యుండదు. కరెంటుస్తంభములను తుడిచివేయుట, ఇరువదియేండ్ల చెట్లను ఒక్కనిమేషమున నాటుట ఇవి మఱికొన్ని.

బ్రిటనులో భూదృశ్యశిల్పుల సంస్థవారు 2019లో ఇట్టి పటములకు సూత్రములను ప్రకటించిరి. కెమెరా నిలిచిన చోటు, ఎత్తు, కటకము, తేది, వేళ స్పష్టముగా నమోదుచేయవలయుననియు, సాధారణముగా 50 మిల్లీమీటర్ల కటకమును వాడవలయుననియు అందు చెప్పిరి. మనమును ప్రతి పటము క్రింద ఆ యైదు వివరములను వ్రాసియిమ్మని కోరవచ్చును. దానితోబాటు, బొమ్మ అతికింపని ఉత్త ఫొటోనుగూడ చూపుడని యడుగవలయును. రెప్టన్ పుస్తకములోని రెక్కను మన చేతితో మనమే యెత్తుట యన్నమాట.

పొరుగువారి మర్యాద

డ్రోనునకు మన స్థలపు గోడలు తెలియవు. పొరుగింటి మిద్దెపై వడియములు పెట్టుకొను ముసలమ్మయు, తల యాఱబెట్టుకొను కోడలును దాని కంటబడుదురు. కావున ఎగురవేయుటకు ముందు చుట్టుప్రక్కల యిండ్లవారికి దినమును, వేళను చెప్పుట ధర్మము. పటములలో పడిన ముఖములను చెఱిపివేయవలయును. ఏకాంతమున నున్న స్త్రీని దొంగచాటుగా చిత్రించుట భారతీయ న్యాయసంహిత 77వ సెక్షను క్రింద నేరము. మొదటి తప్పునకే ఏడాదికి తక్కువగాక మూడేండ్లవఱకు కారాగారశిక్ష కలదు.

2021 డ్రోను నిబంధనల ప్రకారము ఆకాశమును ఆకుపచ్చ, పసుపు, ఎఱుపు మండలములుగా విభజించిరి. ఆకుపచ్చ మండలమున సామాన్యముగా 400 అడుగులవఱకు అనుమతి యక్కఱలేదు. విమానాశ్రయముల చేరువ పసుపు మండలమున అనుమతి పొందవలయును. ఎఱుపు మండలమున కేంద్ర ప్రభుత్వానుమతి లేనిదే యెగురవేయరాదు. బేగంపేట విమానాశ్రయము నగరమధ్యమున నుండుటచే హైదరాబాదువారు ప్రభుత్వపు పటమును చూడక డ్రోనును ఎత్తరాదు. 250 గ్రాములకు మించిన డ్రోనుతో వృత్తిగా ఫొటోలు తీయువానికి పైలటు సర్టిఫికెటు ఉండవలయును. అది చూపుమని యడుగుట తప్పుగాదు.

బయానా యిచ్చుటకు ముందు

2016 నాటి స్థిరాస్తి చట్టమును రెరా యని వ్యవహరింతురు. ప్రకటనలోగాని, అమ్మకపు పుస్తకములోగాని ఉన్న అసత్యమును నమ్మి బయానా యిచ్చి నష్టపోయినవారికి బిల్డరు పరిహార మీయవలయునని ఆ చట్టపు 12వ సెక్షను చెప్పుచున్నది. విరమించుకొనదలచినవారికి సొమ్మును వడ్డీతో తిరిగి యీయవలయును. వ్రాతపూర్వకమైన అమ్మకపు ఒప్పందము లేక నూటికి పదికి మించి బయానా గ్రహింపరాదని 13వ సెక్షను. కావున చూపిన పటములను, పుస్తకమును, వచ్చిన తేదీతో సహా పత్రములపెట్టెలో భద్రపఱచుకొనుడు. మఱియు పటము ఎంత సత్యమైనను అది అనుమతి పత్రము గాదు. ఆమోదము పొందిన ప్లానును అడిగి తెచ్చుకొని, అందలి కిటికీలను, అంతస్తులను పటములోనివానితో లెక్కపెట్టి సరిచూచుకొనుడు. ఈ పనికి ఇంజనీరు చదువు అక్కఱలేదు. చాకలిపద్దు సరిచూచుకొను శ్రద్ధ చాలును.

ఈ యంత్రము మగవారిదే యని తలపనక్కఱలేదు. పొలములకు మందు చల్లుటకై 15,000 మహిళాసంఘములకు డ్రోనుల నిచ్చు పథకమును కేంద్ర ప్రభుత్వము 2023లో ఆమోదించినది. పదవ తరగతి ప్యాసై పదునెనిమిదేండ్లు నిండినవారు గుర్తింపుపొందిన పాఠశాలలో శిక్షణ పొంది పైలటు సర్టిఫికెటు పొందవచ్చును. ఇండ్ల ఫొటోలు తీయు పనియు మన బాలికలకు మంచి జీవనోపాధి కాగలదు; ఏ కిటికీ ఏ గదికి మేలో వారికి తెలిసినంత యెవరికి తెలియును?

ఇంటిలో ఎక్కువకాలము గడపువారు స్త్రీలు. గాలి యాడని వంటగదిలో చెమటోడ్చువారును వారే. అట్టివారు, సంతకము పెట్టువేళ కాఫీ యందించి తలుపుచాటున నిలువక, బల్లయొద్దకు వచ్చి పటమును చేతబట్టి, "ఇది యెక్కడనుండి తీసినారు? ఎంత యెత్తునుండి? ఏ వేళకు?" అని మూడు ప్రశ్నలు వేయుదురుగాక. సత్యమైన పటము గలవారు సంతోషముతో బదులు చెప్పుదురు. బదులు చెప్పనివారికి మన బంగారమును అప్పగింపకుండుటయే మేలు.