విరిగిన తులసికి మరుజన్మ

ఈదురుగాలికో, కోతుల గంతులకో, పిల్లలు విసిరిన బంతి తగిలో కోటలోని తులసి మొదలంటా విరిగి ఒరిగిపోతే, ఆ పూట ఇంటిల్లిపాది మనసూ చిన్నబోతుంది. సాయంత్రం దీపం పెట్టడానికి వచ్చిన ఇల్లాలికి చేతులాడవు. ‘ఇంటికి ఏదో కీడు సూచిస్తోందేమో’ అన్న మాట ఎవరి నోటనో రానే వస్తుంది. అత్తగారి కాలం నుండి వస్తున్న మొక్క అయితే ఆ దిగులు మరింత లోతుగా నాటుకుంటుంది. కొందరు ఆ బెంగతోనే మొక్కను పెకలించి ఏ చెరువులోనో విడిచి, కొత్త మొక్కను తెచ్చి నాటుతారు. నిజానికి అందుకు తొందరపడవలసిన పని లేదు. విరిగిన తులసి చనిపోయిన తులసి కాదు.

శ్రీమద్దేవీభాగవతం నవమ స్కంధంలో తులసీదేవి ఉపాఖ్యానం ఉంది. ఆమె దేహం గండకీ నదిగా ప్రవహిస్తుందని, కేశపాశం తులసీ వృక్షాలుగా వెలుస్తుందని శ్రీహరి వరమిచ్చినట్లు ఆ కథ చెబుతుంది. కురులు కత్తిరిస్తే మరల పెరుగుతాయి కదా! తులసి స్వభావం కూడా అటువంటిదే. కొన దెబ్బతింటే ప్రక్కనుండి చిగురిస్తుంది.

మొదట గాయాన్ని పరిశీలించాలి. కాండం పూర్తిగా తెగిపోక, ఒక ప్రక్క బెరడు అంటుకొని ఉంటే దానిని అతికించవచ్చు. బెరడు క్రింద సజీవమైన పచ్చని పలుచని పొర ఉంటుంది. నీరూ సారమూ ప్రసరించే కొత్త కణజాలం పుట్టేది అక్కడినుండే. ఆ పొరలు ఆరిపోకముందే, అంటే విరిగిన కొద్ది గంటలలోనే, రెండు అంచులనూ సరిగా కలపాలి. వెదురు పుల్లనో వేప పుల్లనో ఊతగా నిలిపి, మెత్తని నూలుగుడ్డ పేలికతో కదలకుండా కట్టాలి. బిగుతు మితిమీరకూడదు. పైకొమ్మలకు ఉన్న వెన్నులను, కొన్ని ఆకులను తగ్గిస్తే గాయంపై భారం తగ్గుతుంది. కట్టును మూడు నాలుగు వారాలు విప్పకూడదు. ఆ రోజులలో కోటను ఎండ తీవ్రతకు, గాలికి అడ్డుగా ఉంచాలి. కట్టుపై నీరు పోయకుండా మట్టిలో మాత్రమే పోయాలి.

పూర్తిగా విరిగితే ఒక మొక్క పోయిందని కాక, రెండు మొక్కలకు అవకాశం కలిగిందని భావించాలి. భూమిలో మిగిలిన మోడుకు వేరు ఉంది. పడిన కొమ్మకు చిగురు ఉంది. మోడుపై ఒక్క పచ్చని కణుపు మిగిలి ఉన్నా చాలు. కొనచిగురులో పుట్టే ఆక్సిన్ అనే పదార్థం ప్రక్క మొగ్గలను ఎదగనీయక అణచి ఉంచుతుంది. కొన విరగగానే ఆ అణచివేత తొలగి, కణుపుల వద్ద నిద్రిస్తున్న మొగ్గలు మేల్కొంటాయి. చీలికలుగా ఉన్న విరుగుడును పదునైన శుభ్రమైన కత్తితో కణుపుకు కాస్త పైన ఏటవాలుగా సరిచేస్తే గాయంలో నీరు నిలవదు. ఆకులు లేని మోడు నీటిని అంతగా పీల్చుకోలేదు గనుక మట్టి పైపొర ఆరిన తరువాతే తడపాలి. దిగులుతో చెంబులకొద్దీ నీరు పోసి, బ్రతకగలిగిన వేరును కుళ్ళబెట్టుకునేవారే ఎక్కువ.

ఇక పడిన కొమ్మ సంగతి. ఇక్కడ ఆచారపరులకు ఒక సందేహం కలుగుతుంది. ద్వాదశి, అమావాస్య, పౌర్ణమి, ఆదివారాలలోను, సంధ్యవేళ, రాత్రివేళల్లోను తులసిని కోయకూడదంటారు కదా, ఆనాడే కొమ్మ విరిగితే ఏమి చేయాలి? ఆ నిషేధం కోయడానికి సంబంధించినది. తనంతట విరిగి పడినదానిని ఎత్తి చెంబుడు నీటిలో నిలపడం కోత కాదు, సేవ. కాబట్టి ఆ పూటకు నీటిలో ఉంచి, కత్తిరింపు పని మరునాడు ఉదయం చేసుకోవచ్చు. కొమ్మకూ ప్రాణం నిలుస్తుంది, నియమానికీ భంగం ఉండదు.

మరునాడు పది నుండి పదిహేను సెంటీమీటర్ల పొడవున, పువ్వు లేని లేత కొమ్మలను ఎంచుకోవాలి. అడుగున ముదిరి కట్టెబారిన భాగం సులభంగా వేరు తొడగదు. కణుపుకు సరిగ్గా క్రింద కోసి, పైన రెండు మూడు జతల ఆకులు మాత్రమే ఉంచాలి. వెన్నులుంటే తీసివేయాలి, విత్తనాలకు పోయే సారం అప్పుడు వేర్లకు అందుతుంది. తీసిన ఆకులను పూజకు వినియోగించవచ్చు, వాడిన తులసికి దోషం లేదని పెద్దలమాట. ముక్కలను గాజు గ్లాసులో, ఆకులు మునగకుండా నిలిపి, రోజు విడిచి రోజు నీరు మార్చుతూ ఉంటే సాధారణంగా ఒకటి రెండు వారాలలో కణుపుల వద్ద తెల్లని వేర్లు కనిపిస్తాయి. వేర్లు అంగుళం దాటకముందే మట్టికి మార్చడం మంచిది. లేదా నేరుగా ఇసుక కలిపిన మట్టిలో నాటి నీడన ఉంచవచ్చు. అలా నాటినవి నాలుగు నుండి ఆరు వారాలలో మార్చి నాటడానికి సిద్ధమవుతాయి.

తులసి కొమ్మలు బాగా వేరు తొడిగే కాలం అక్టోబరు నుండి డిసెంబరు వరకు అని సాగుదారుల అనుభవం. కార్తికమాసం, క్షీరాబ్ది ద్వాదశి వచ్చేది కూడా ఆ రోజులలోనే. ఉసిరికొమ్మతో తులసీ కల్యాణం జరిపే ఇళ్ళలో ద్వాదశి గడచిన తరువాత రెండు కొమ్మలు నాటిపెట్టుకుంటే మరుసటి ఏటికి కోట వెలవెలబోదు. విత్తనం చల్లినా మొలకలు వస్తాయి గానీ వాటిలో తల్లి గుణం కొంత మారవచ్చు. కొమ్మ అయితే తల్లి మొక్కే. అత్తగారు నాటిన కృష్ణతులసి కృష్ణతులసిగానే నిలుస్తుంది. తులసి ఎంత బాగా చూసుకున్నా రెండు మూడేళ్ళలో కట్టెబారి క్షీణించడం సహజం. పాత ఇళ్ళలో తరతరాల తులసి అంటే ఆ కొమ్మల వరుస, ఆ విత్తుల వరుసే.

పసుపు, కుంకుమలను కాండానికి దట్టంగా పూయడం, పాలు తరచుగా మొదట్లో పోయడం, దీపపు సెగ కాండానికి తగలనీయడం లేత మొక్కకు హాని చేస్తాయి. పసుపు కుంకుమలు కోట గోడకు అద్దితే సరిపోతుంది. దీపాన్ని కోట గూటిలోనో, జానెడు ఎడంగానో పెట్టాలి. అపార్టుమెంటు బాల్కనీలో కుండీ చిన్నదిగా ఉంటుంది గనుక ఈ జాగ్రత్త మరీ అవసరం.

పాత మోడు చివరకు ఎండిపోతే ఆ కట్టెను చెత్తలో వేయరు. పూసలు చెక్కించుకునేవారున్నారు, హోమసమిధగా దాచుకునేవారున్నారు. మిగిలినదానిని పెరటి మట్టిలోనే కప్పిపెడతారు. వేరు తొడిగిన రెండవ మొక్కను పేరంటానికి వచ్చిన ముత్తైదువకు తాంబూలంతో పాటు అందించవచ్చు, అత్తవారింటికి వెళ్ళే ఆడపిల్ల చేతిలోనూ పెట్టవచ్చు.