తోలు మీద ముద్ర పడకుండా కుట్టే మిషను ఏది?

కాటన్ జాకెట్టు కుట్టు వంకర పోతే విప్పి, ఇస్త్రీ చేసి మళ్లీ కుట్టుకోవచ్చు. తోలులో సూది దిగిన చోట కన్నం అలాగే ఉండిపోతుంది. ఆ సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి జాగ్రత్తగానే ఉంటారు. బ్యాగులు, పర్సులు కుట్టడం కొత్తగా మొదలుపెట్టినవాళ్లను ఎక్కువ విసిగించేది వేరే ఉంది. కుట్టు నీటుగానే వస్తుంది. దాని పక్కనే సన్నటి గీత పడుతుంది, అడుగున వరసగా చుక్కలు, మూల తిప్పిన చోట నెలవంక లాంటి నొక్కు. మంచి తోలు పెట్టి చేసిన సరుకు కూడా దీంతో నాసిరకంగా కనిపిస్తుంది. ‘ఇంకా పెద్ద మిషను కొంటే సరి’ అని సలహా ఇచ్చేవాళ్లుంటారు. చాలాసార్లు ఆ పెద్ద మిషనే ముద్రలు వేసేది.

మిషను కుట్టు వేయడంతో పాటు సరుకును జరుపుతుంది కూడా. ముద్ర పడేది ఆ జరపడంలోనే. అందుకని కొట్లో ముందుగా అడగాల్సింది ఎంత మందం కుడుతుందని కాదు, తోలును ఎలా జరుపుతుందని.

గార్మెంట్ యూనిట్లలో కనిపించే జూకీ డీడీఎల్-8700 లాంటి మిషన్లలో జరిపే పని అంతా ప్లేటు కింద నుంచి లేచే పళ్లదే. ఆ పళ్లనే ఫీడ్ డాగ్ అంటారు. పైన ఫుట్ స్ప్రింగు బలంతో నొక్కి పట్టుకుని కదలకుండా ఉంటుంది. గుడ్డ దాని కింద జారిపోతుంది, తోలు అంత తేలిగ్గా జారదు. జారడం లేదని ఫుట్ ప్రెజర్ పెంచితే పళ్లు మరింత లోతుగా దిగుతాయి, పైన ఇనప ఫుట్ రాసుకుని నిగనిగలాడే చార పడుతుంది. కింది పొర ముందుకుపోయి పై పొర వెనకబడటంతో చివర్న అంచులు కలవవు. టెఫ్లాన్ ఫుట్ వేస్తే పైన చార తగ్గుతుంది గాని కింది చుక్కలు పోవు. అడుగు వైపు లైనింగు కప్పేసే పల్చటి తోలు పనికైతే ఈ మిషనుతోనే నెట్టుకురావచ్చు. రెండు వైపులా కనిపించే బెల్టుకు, బ్యాగు హ్యాండిల్‌కు పనికిరాదు.

తోలు పని అనగానే అందరూ చెప్పే పేరు వాకింగ్ ఫుట్. ఇందులో కాంపౌండ్ ఫీడ్ రకంలో సూది తోలులో ఉండగానే సూది, లోపలి ఫుట్, కింది పళ్లు మూడూ కలిసి వెనక్కి జరుగుతాయి. తర్వాత బయటి ఫుట్ దిగి సరుకును పట్టుకుంటే, లోపలి ఫుట్ లేచి ముందుకొచ్చి మళ్లీ దిగుతుంది. సూదే గుచ్చి లాక్కుపోతుంది కాబట్టి పొరలు ఒకదాని మీద ఒకటి జారవు. జూకీ డీఎన్‌యూ-1541 ఈ తరగతిదే. కుట్టు 9 మిల్లీమీటర్ల పొడవు దాకా వేస్తుంది, మోకాలి లివరుతో ఫుట్ 16 మిల్లీమీటర్ల ఎత్తు లేస్తుంది. వాకింగ్ ఫుట్ పేరుతో అమ్మేవన్నీ ఇలాంటివే అనుకోకండి. సూది వెనక్కీ ముందుకీ కదలకుండా ఫుట్ మాత్రమే నడిచేవీ ఉన్నాయి. చక్రం చేత్తో తిప్పి, దిగిన సూది వెనక్కి జరుగుతోందో లేదో చూస్తే తెలిసిపోతుంది.

అయితే వాకింగ్ ఫుట్ కూడా ముద్ర వేస్తుంది. ఆ మాట అమ్మేవాళ్లు చెప్పరు. ప్రతి కుట్టుకీ రెండు ఫుట్లూ మార్చి మార్చి తోలు మీద దిగుతుంటాయి. వాటి అడుగున గరుకు పళ్లుంటే కుట్టుకు అటూ ఇటూ గాట్ల వరస తేలుతుంది. విరుగుడు ఉంది. ఇలాంటి మిషన్లకు అడుగు నున్నగా ఉండే ఫుట్లు, పళ్లు లేని ఫీడ్ డాగులు విడిగా దొరుకుతాయి. సూది లాగుతోంది కాబట్టి పళ్లు లేకపోయినా తోలు నడుస్తుంది. ఫుట్ ప్రెజర్ తగ్గించుకుంటూ పోవాలి. సూది పైకి లేచేటప్పుడు తోలు కూడా దానితో లేస్తోందంటే మరీ తగ్గించినట్టు, అక్కడ కుట్లు తప్పుతాయి. ఫుట్లు ఎంత ఎత్తు లేవాలో సర్దుకునే వీలుంటే పని మందానికి సరిపడా మాత్రమే లేవనివ్వాలి. అనవసరంగా ఎత్తు లేస్తే దిగేటప్పుడు గట్టిగా కొడతాయి. ఇంకో చిన్న పని: కొత్త ఫుట్ అంచు మీద గోరు పెట్టి లాగి చూడండి. కత్తిలా తగిలితే పక్కన గీత వేసేది అదే. సన్నటి వాటర్ పేపరుతో ఆ అంచును గుండ్రంగా రుద్ది పాలిష్ చేస్తే గీత చాలావరకు పోతుంది.

పల్చటి, మెత్తటి తోలుకు నా ఓటు రోలరు మిషనుకే. ఫుట్ బదులు పైన సన్నటి చక్రం, కింద ఇంకో చక్రం ఉంటాయి. తోలును తాకేది కొంచెం మేరే కాబట్టి నొక్కులు తక్కువ, వంపులు సులువుగా తిరుగుతాయి. బూట్ల పై భాగాలు కుట్టేది వీటి మీదే. చిత్తూరు సరిహద్దు దాటగానే వచ్చే వాణియంబాడి, ఆంబూరు బూట్ల ఊళ్లు. అక్కడివాళ్లకు ఈ రకం కొత్త కాదు. స్తంభం మీద నిలబడినట్టుండే ఫాఫ్ 591 దీనికి పేరున్న నమూనా. చక్రం అంచు పళ్లు సన్నగా ఉన్నాయో లేదో మాత్రం చూసుకోవాలి. మందం పొరలకు ఇది లాయకీ కాదు.

చెప్పులు బాగుచేసేవాళ్ల దగ్గర కనిపించే, చేత్తో తిప్పే ప్యాచర్ మిషను తోలుకే పుట్టింది, చవక కూడా. కానీ దానిలో జరిపే పళ్లు పై ఫుట్ అడుగునే ఉంటాయి. అంటే ముద్ర పడేది సరిగ్గా కంటికి కనిపించే వైపే. మరమ్మతుకు దాన్ని మించింది లేదు, కొత్త పర్సులకు మాత్రం వద్దు. జూకీ టీఎస్‌సీ-441 లాంటి భారీ మిషన్లది ఇంకో చివర. జీనులకు, లావు బెల్టులకు భేషుగ్గా ఉంటాయి. వాటి వెడల్పు ఫుట్లకు, లావు సూదికి పల్చటి పర్సు తోలు తట్టుకోలేదు. షోరూములో నాలుగైదు పొరల బెల్టు తోలు మడతేసి టకటకా కుట్టి చూపిస్తారు. మీ పని పర్సులైతే ఆ ప్రదర్శనతో మీకేం పని?

మిషను ఆకారం కూడా ముద్రల విషయంలో లెక్కకొస్తుంది. తయారైన బ్యాగును బల్లలా ఉండే మిషను మీదకు బలవంతంగా వంచితే మడత పడుతుంది, గీసుకుపోతుంది. బ్యాగులే ఎక్కువైతే బ్యాగు తొడుక్కునేట్టు గొట్టం ఆకారంలో ఉండే సిలిండర్ ఆర్మ్ తీసుకోవాలి. మోటారు మాత్రం సర్వోయే. పాత క్లచ్ మోటారు ఒక్కసారిగా దూకుతుంది. సర్వో అయితే మూలల దగ్గర ఒక్కో కుట్టూ వేసుకుంటూ వెళ్లొచ్చు.

సూది తోలు సూదే అయి ఉండాలి. గుండ్రటి మొన తోలును పక్కకు నెట్టి కన్నం చుట్టూ ఉబ్బు తెస్తుంది. తోలు సూది మొన కోసుకుని పోతుంది. కోసేది కాబట్టి కుట్లు మరీ దగ్గరగా వేస్తే తపాలా బిళ్ల అంచులా తోలు ఆ వరసలోనే చిరుగుతుంది. దారానికి తగ్గ సూది కూడా ముఖ్యం. టెక్స్ 70 దారానికి 110 నంబరు, టెక్స్ 135కి 140 నంబరు సరిపోతాయి. ఈ నంబరు సూది లావే. 110 అంటే 1.1 మిల్లీమీటరు.

కొనేముందు మీ తోలు ముక్కలే తీసుకెళ్లండి. పల్చనిది ఒకటి, మీ పనిలో అన్నిటికన్నా మందంగా వచ్చే మడత ఒకటి. దారం తీసేసి జానెడు నడిపించి, వెలుతురు ఏటవాలుగా పడేట్టు పట్టుకుని రెండు వైపులా చూడండి. దారం లేకపోతే ముద్రలు దాక్కోవు. ఒక మూల కూడా తిప్పి చూడాలి. తీర్పు మాత్రం మర్నాటికి వాయిదా వేయండి. క్రోమ్ తోలు మీది తేలిక నొక్కులు వేలితో రుద్దితే, కాస్త వెచ్చబెడితే చాలావరకు సర్దుకుంటాయి. తంగేడు చెక్క, కరక్కాయ లాంటివాటితో పదును చేసిన తోలు అలా కాదు, ముఖ్యంగా తడిగా ఉన్నప్పుడు పడ్డ ముద్రను అది వదలదు. అలాంటి తోలే మీ పనైతే, నున్నటి ఫుట్లు, పళ్లు లేని ఫీడ్ డాగు దొరికే మోడలో కాదో ముందే కనుక్కుని, వాటి ధర కూడా కలిపి బేరమాడండి.