పాత లారీకి ఇంజను ఆయిలు: చిక్కదనము ఎంత ఉండవలెను?

బాన్సువాడ చుట్టుపట్ల నిజాంసాగరు కాలువల క్రింద యాసంగి వడ్లు కల్లములకు చేరు దినములలో లారీ ఒక్క దినము నిలిచినను రైతుకు నష్టమే. కొనుగోలు కేంద్రములో వడ్ల తేమ నూటికి 17కు మించరాదు. ఎండబెట్టి ఆ లెక్కకు తెచ్చిన వడ్లు లారీ రానందున మరి రెండు రాత్రులు కల్లములోనే పడియుండి అకాల వర్షమునకు తడిసినచో, పని మొదటికి వచ్చును. మొలకెత్తిన గింజకు ధర పలుకదు. లారీ ఇంజనులో పోయు ఆయిలును గూర్చి సస్యశాస్త్రము బోధించువారు వ్రాయనేల యని కొందరు అడుగవచ్చును. పండిన పంట చేరవలసిన చోటికి చేరువరకు సాగు ముగియలేదని మా అభిప్రాయము.

మన ప్రాంతములో రైతుల చేతిలోనున్న లారీలు చాలవరకు పాతవి. ఒకరి వద్ద ఇరువది యేండ్లు నడిచినదానిని మరియొకరు కొని, బోరు చేయించి, మరల నడుపుచుందురు. ఇట్టి బండ్లు గలవారు తరచుగా అడుగు ప్రశ్న ఒకటి కలదు. “మన దగ్గర ఎండలు ఎక్కువ. బండి పాతది. ఆయిలు తాగుచున్నది. ఇంకను చిక్కని ఆయిలు పోసిన మంచిది కాదా?” ఈ మాటలో కొంత నిజము, ఎక్కువ పొరపాటు ఉన్నవి. రెంటిని విడదీసి చూడవలెను.

మొదట డబ్బామీది అంకెల సంగతి. ‘30 వెయిటు’, ‘40 వెయిటు’ అని మెకానిక్కులు అందురు గాని అది బరువు కాదు. లీటరు 30 నంబరు ఆయిలును, లీటరు 40 నంబరు ఆయిలును త్రాసులో పెట్టిన తేడా కానరాదు. అమెరికాలోని మోటారు ఇంజనీర్ల సంఘము (ఎస్.ఎ.ఇ.) 1911లో మొదలుపెట్టిన తరగతుల పేర్లివి. ఆయిలును 100 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడిచేసి, సన్నని గొట్టము గుండా జారుటకు ఎంత సేపు పట్టునో చూచి, దానినిబట్టి తరగతి నిర్ణయింతురు. ఈ లెక్కకు సెంటీస్టోకు అను కొలత వాడుదురు. 30 నంబరు ఆయిలు 9.3 నుండి 12.5 వరకును, 40 నంబరు 12.5 నుండి 16.3 వరకును, 50 నంబరు 16.3 నుండి 21.9 వరకును ఉండును. అంకె పెరిగిన కొలది వేడిలో చిక్కదనము ఎక్కువ యని తెలిసికొనిన చాలును.

15డబ్ల్యు-40 అని రెండంకెలు వ్రాసియున్నచో, మొదటి అంకె చలిలో ఆయిలు నడతను తెలుపును. డబ్ల్యు అక్షరము చలికాలమునకు గురుతు. ఆ అంకె తగ్గిన కొలది చలిలో త్వరగా పారును. వేడెక్కిన పిమ్మట అది 40 నంబరు ఆయిలువలెనే నిలుచును. గేరు పెట్టెలో పోయు 90 నంబరును చూచి, అది ఇంజను ఆయిలుకంటె రెండింతలు చిక్కనిదని అనుకొనరాదు. గేరు ఆయిళ్ల లెక్కయే వేరు. ఆ 90 నంబరు దాదాపు ఇంజను ఆయిలులోని 40, 50 నంబర్ల చిక్కదనమే కలిగియుండును.

ఇక ఎండల మాట. మే నెలలో మన వద్ద 44, 45 డిగ్రీల ఎండ కాయుట నిజమే. కాని నీటితో చల్లబరచు ఇంజనులో నీటి వేడిమిని థర్మోస్టాటు అదుపులో ఉంచును. లోపలి ఆయిలు చలికాలములోనైనను, వేసవిలోనైనను నిండు బరువుతో నడుచునపుడు సుమారు 90 నుండి 110 డిగ్రీల వరకు కాగును. బయటి ఎండ వలన లోపలి ఆయిలుకు కలుగు తేడా మనము అనుకొనునంత కాదు. రేడియేటరులో మట్టి పేరుకొనుట, ఫాను బెల్టు వదులగుట, థర్మోస్టాటును తీసివేయుట లేక అది పాడగుట, ఇవియే తేడా తెచ్చును. ఇంజను కాగిపోవుచున్నదని ఆయిలు నంబరు మార్చుటకు ముందు రేడియేటరు జాలికి పట్టిన గడ్డిపరకలను, దుమ్మును దులుపుకొనవలెను.

నిజమైన తేడా తెల్లవారుజామున కనబడును. పుష్య మాసములో ఇక్కడ చలి 10 డిగ్రీల దరిదాపులకు దిగును. రాత్రియంతయు నిలిచిన లారీలో ఆయిలు చాంబరులోనికి జారి, క్రాంకు బేరింగులమీద పలుచని పొర మాత్రము మిగులును. సెల్ఫు కొట్టిన క్షణము నుండి పంపు ఆయిలును పైకి తోడి, సన్నని రంధ్రముల గుండా ప్రతి బేరింగుకును అందించువరకు లోహము లోహమును ఒరసికొనును. ఇంజను అరుగుదలలో మిక్కిలి చెడ్డ సమయమిదియే. 40 డిగ్రీల వద్ద కొలిచినచో 15డబ్ల్యు-40 ఆయిలు సుమారు 110 సెంటీస్టోకులు ఉండగా, 50 నంబరు ఒంటి అంకె ఆయిలు సుమారు రెండింతలుండును. 10 డిగ్రీల చలిలో ఈ అంతరము ఇంకను పెరుగును. పొయ్యిమీది బెల్లపు పాకము గరిటె నుండి ఎట్లు జారునో, చల్లారిన పాకము ఎట్లు జారునో చెరకు రైతులకు చెప్పనక్కరలేదు.

ఎడ్లబండి ఇరుసుకు కందెన పెట్టిన చేతులు గనుక మన పెద్దలకు చిక్కనిదే మంచిదను నమ్మకము కలిగినది. ఇరుసు విషయములో అది సరియే. ఇరుసు మెల్లగా తిరుగును, బరువు ఒక్కచోటనే పడును, కందెనను తోడు పంపు లేదు. లారీ ఇంజను నిమిషమునకు రెండువేల చుట్లు తిరుగును. అందులో ఆయిలు కందెనగా మాత్రమే కాక, వేడిని మోసికొనిపోవు నీరుగను, మసిని కడుగు సబ్బుగను పనిచేయవలెను. పారని ఆయిలు ఈ రెండు పనులను చేయలేదు. (ఆముదము కూడ ఒకప్పుడు ఇంజనులలో వాడబడినది. క్యాస్ట్రాల్ అను పేరే 1909లో ఆముదపు ఆంగ్లనామము నుండి పుట్టినది. కాని ఆముదము వేడికి బంకవలె గట్టిపడును గనుక ఆ వాడుక మన ఇంజనులకు పనికిరాదు.)

పాత పుస్తకములను చూచినవారికి ఇంకొక సందేహము కలుగును. జంషెడ్‌పూరులో టాటావారు 1954లో జర్మనీ డైమ్లర్-బెంజి కంపెనీతో కలిసి లారీలు చేయుట మొదలుపెట్టిరి. ఆ కాలపు ఇంజనుల పుస్తకములలో సాధారణముగా ఒంటి అంకె ఆయిళ్లనే, వేసవికి ఒకటి చలికి ఒకటి చొప్పున, వ్రాసియుందురు. ఆనాడు రెండంకెల ఆయిళ్ల వాడుక తక్కువ. వేసవికి 40, చలికి 30 అని పుస్తకము చెప్పినచోట నేడు 15డబ్ల్యు-40 ఒక్కటియే ఏడాది పొడవున ఆ రెంటి పనిని చేయును. 20డబ్ల్యు-40 కూడ మన చలికి చాలును. అయినను రెండును ఒకే ధరకు దొరకినచో మేము 15డబ్ల్యు-40నే ఎంచుదుము. పుస్తకము 30 నంబరు మాత్రమే చెప్పినచో మెకానిక్కును సంప్రదించి, ఇంజను అరుగుదలను చూచి నిర్ణయింపవలెను.

ఇపుడు ఆయిలు తాగు ఇంజను సంగతి. బోరు, రింగులు అరిగినపుడు ఆయిలు పైకి పోయి మండి నీలిపొగ వచ్చును. నల్లపొగ ఆయిలుది కాదు. అది డీజిలు ఎక్కువగుటవలన గాని, గాలి తక్కువగుటవలన గాని వచ్చును. తెల్లపొగ వేడెక్కిన తరువాతను ఆగకున్నచో నీరు లోనికి దిగుచున్నదేమో చూడవలెను. పొగ రంగును చూడకుండ ఆయిలు నంబరు మార్చుట జ్వరమేదో తెలియక మందు మ్రింగుట వంటిది.

ఎంత తాగుచున్నదో కొలుచుట సులభము. సమమైన నేలమీద బండి నిలిపి, కడ్డీమీది పై గురుతువరకు ఆయిలు పోసి, మీటరు అంకె వ్రాసికొనుడు. తరువాత పోసిన ప్రతి లీటరును వ్రాసికొనుచు వేయి కిలోమీటర్లు నడుపుడు. లీటరు డీజిలుకు 4 కిలోమీటర్లు నడుచు లారీ వేయి కిలోమీటర్లకు 250 లీటర్లు త్రాగును. అందులో నూటికి ఒకవంతు, అనగా రెండున్నర లీటర్ల ఆయిలు, సుమారుగా ఓపదగిన పైహద్దు. దానిని మించినచో ఏ నంబరు పోసినను ప్రయోజనము స్వల్పమే. రింగుల ఖర్చునకు డబ్బు కూర్చుకొనుట మేలు. హద్దులోనే ఉన్నచో 15డబ్ల్యు-40 నుండి 20డబ్ల్యు-50కు ఒక్కమెట్టు ఎక్కి ఒక సీజను గడుపుకొనవచ్చును. కాని ఇది గడువు కొనుటయే గాని బాగుచేయుట కాదు.

ప్రెషరు గేజిని చూచి మోసపోవువారు చాలమంది. చిక్కని ఆయిలు పోయగానే ముల్లు పైకి లేచును. ‘ఇంజను బాగుపడినది’ అని సంతోషింతురు. గేజి చూపునది ఆయిలు పారుటకు కలుగు అడ్డంకినే గాని బేరింగుకు చేరిన పరిమాణమును కాదు. కాలువకు అడ్డముగా మట్టి వేసిన ఎగువన నీరు పెరుగును, దిగువ మడికి పెరుగదు. ఇంకొకటి. చల్లగా చిక్కగా ఉన్న ఆయిలు ఫిల్టరు కాగితము గుండా పోలేనపుడు ప్రక్కనున్న వాల్వు తెరచుకొని ఆయిలు వడబోత లేకయే ఇంజనుకు పోవును. డబ్బాలో అమ్ము ‘ఆయిలు ట్రీట్‌మెంటు’ మందులు కూడ ఎక్కువభాగము చిక్కబరచు పదార్థములే. వాటిపై డబ్బు పెట్టవలదని మా సలహా.

నంబరు సరిపడిన తరువాత అక్షరములను చూడుడు. ఎస్ తో మొదలగునది పెట్రోలు ఇంజనులకు, సి తో మొదలగునది డీజిలుకు. సిహెచ్-4 తరగతి 1998లోను, సిఐ-4 2002లోను, సికె-4 2016లోను వచ్చినవి. ఈ వరుసలో తరువాతిది ముందరి ఇంజనుకు పనికివచ్చును. కాని 2016లోనే వచ్చిన ఎఫ్ఎ-4 అనునది పలుచని వేరొక రకము. దానిని పాత లారీలో పోయరాదు. డీజిలులోని గంధకము మండినపుడు ఆమ్లము పుట్టి బోరును తినును. ఆయిలులోని క్షారము దానిని విరచును. 2000 సంవత్సరము నాటి నియమములో గంధకము పదిలక్షల పాళ్లలో 2500 వరకు ఉండవచ్చును. 2020 ఏప్రిలు నుండి దేశమంతటను 10 పాళ్లకు మించరాదు. అందుచేత పాత బండికిని నేడు సిహెచ్-4 గాని సిఐ-4 గాని చాలును. మిక్కిలి ఖరీదైనది అక్కరలేదు. ఏండ్ల తరబడి నాసిరకపు ఆయిలు త్రాగిన ఇంజనులో మంచి ఆయిలు పోసినపుడు పేరుకొనిన మడ్డి కరగి వచ్చును. అట్టి బండికి మొదటిసారి సగము గడువుకే ఆయిలును, ఫిల్టరును మార్చవలెను.

ఆయిలు నల్లబడినది గదా, మార్చుదుమా యని అడుగుదురు. డీజిలు ఇంజనులో క్రొత్త ఆయిలు కొద్ది గంటలలోనే నల్లబడును. మసిని తనలో మోయుచున్నదనుటకు అది గురుతు. రంగును కాక కిలోమీటర్లను లెక్కింపుడు. కడ్డీమీద ఆయిలు తగ్గుటకు బదులు పెరుగుచున్నచో మాత్రము బండిని నిలుపుడు. వాసన చూచిన డీజిలు వాసన వచ్చిన పంపు లీకు, మజ్జిగవలె ఉన్న నీటి లీకు. డీజిలు కలిసిన 40 నంబరు ఆయిలు ఇక 40 కాదు.

మన ప్రాంతములో ఇంజను అరుగుదలకు పెద్ద శత్రువు దుమ్ము. కోత మిషను వెంట పొలము గట్లమీద తిరుగు లారీ గాలితోబాటు నలకలను పీల్చును. ఆయిలు తొట్టి గల పాత ఎయిర్ క్లీనరు ఉన్నచో కోతల దినములలో తరచుగా తెరచి, అడుగున మట్టి దిగినచో కడిగి, గురుతువరకు క్రొత్త ఆయిలు పోయవలెను. గురుతు దాటి పోసిన ఇంజనే దానిని పీల్చును. కాగితపు ఫిల్టరు రబ్బరు వాషరు చిరిగియుండరాదు. ఈ పని చేయక ఆయిలు నంబరుతో కుస్తీపట్టుట వృథా.

ట్రాక్టరు ఇంజనులకును పై మాటలన్నియు వర్తించును. చాల కంపెనీలు 250 గంటలకు ఆయిలు మార్చుమని చెప్పును. కేజి చక్రములతో దమ్ము చేసిన సీజనులో అంతకుముందే మార్చుట మంచిది. నూనెలో మునిగియుండు బ్రేకులు గల ట్రాక్టరు వెనుక భాగములో మాత్రము కంపెనీ చెప్పిన ట్రాన్స్‌మిషను ఆయిలే పోయవలెను.

కొనునపుడు సీలు విప్పని డబ్బానే కొనుడు, రశీదు తీసికొనుడు. డ్రమ్ములో విడిగా అమ్మునది వడబోసిన పాత ఆయిలు కావచ్చును. మార్చుటకు యాసంగి కోతలకు పదిదినముల ముందు, వానాకాలపు కోతలకు ముందు అను రెండు వేళలను గురుతుంచుకొనిన, ఒత్తిడి దినములలో బండి షెడ్డులో నిలువదు. ప్రయాణము నుండి రాగానే వేడిగా ఉన్నపుడే దించిన మసియంతయు దిగును. దించిన ఆయిలును కాలువలోగాని, వడ్ల మడిలో సుడిదోమకు మందుగా గాని పోయరాదు. దానిలో లోహపు రజను, హానికరమైన మసి పదార్థములు ఉండును. దోమ చావకున్నను నేల చెడును. మూతగల డబ్బాలో నిలువచేసి, పాత ఆయిలును తీసికొనుటకు అనుమతిగల వ్యాపారికి అప్పగింపుడు.