వ్యాపార సాఫ్ట్‌వేర్‌లో క్లౌడ్ కంప్యూటింగ్ విస్తరణ: సొంతం నుంచి అద్దెకు – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:

వ్యాపార సంస్థలు ఒకప్పుడు సాఫ్ట్‌వేర్‌ను వెల చెల్లించి కొని, తమ కార్యాలయంలోని కంప్యూటర్లలోనే నడుపుకొనేవి. గత పాతికేళ్లలో, దానిని ఇంటర్నెట్ ద్వారా సేవగా పొంది నెలకో ఏడాదికో రుసుము చెల్లించే పద్ధతి బలపడింది. ఈ మార్పు జరిగిన క్రమాన్ని, దానికి గల కారణాలను వివరించి, ఖాతా పుస్తకాలపై వ్యాపారికి ఉండే అధికారం దీనివల్ల ఎలా ప్రభావితమైందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: క్లౌడ్ కంప్యూటింగ్, వ్యాపార సాఫ్ట్‌వేర్, చందా, అద్దె, ఖాతా పుస్తకాలు.

1. ఉపోద్ఘాతం:

చిట్టా, ఆవర్జా అనేవి తెలుగు వర్తకులకు తరతరాలుగా పరిచితమైన మాటలు. ఏరోజుకారోజు జరిగిన లావాదేవీలు చిట్టాలోను, వాటినుంచి పేరుపేరునా విడదీసిన పద్దులు ఆవర్జాలోను ఉండేవి. ఆ పుస్తకాలు దుకాణంలోని బీరువాలో ఉండేవి; తాళంచెవి యజమాని దగ్గర ఉండేది. కంప్యూటర్లు వచ్చాక పుస్తకం రూపం మారింది గాని, తాళంచెవి చేయి మారలేదు. లెక్కలున్న యంత్రం దుకాణంలోనే ఉండేది. క్లౌడ్ రాకతో ఈ రెండవ అంశం కూడా మారింది. కనుక క్లౌడ్ విస్తరణను సాంకేతిక ప్రగతిగా మాత్రమే గాక, యాజమాన్య స్వభావంలో వచ్చిన మార్పుగా కూడా చూడవలసి ఉంది.

2. భావన – పూర్వరంగం:

కంప్యూటర్ శక్తిని విద్యుత్తువలె, టెలిఫోన్‌వలె ప్రజోపయోగ సేవగా అందించవచ్చునన్న ఆలోచన కొత్తది కాదు. అమెరికన్ శాస్త్రవేత్త జాన్ మెకార్థీ 1961లోనే ఈ ఊహను ప్రకటించారు. అయితే నాటికి అందుకు తగిన సమాచార మార్గాలు లేవు.

క్లౌడ్‌కు విస్తృతంగా అంగీకారం పొందిన నిర్వచనాన్ని అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ నిస్ట్ 2011లో వెలువరించింది. అది ఐదు లక్షణాలను పేర్కొంది. అవి: కోరిన వెంటనే స్వయంగా పొందగలగడం, నెట్‌వర్క్ ద్వారా ఎక్కడినుంచైనా అందుబాటు, వనరులను అనేకులు పంచుకోవడం, అవసరాన్నిబట్టి వేగంగా పెంచుకోవడం లేదా తగ్గించుకోవడం, వినియోగాన్ని కొలవడం. సేవలను కూడా మూడు విధాలుగా విభజించింది. యంత్ర వనరులను మాత్రమే అందించడం మొదటిది. సాఫ్ట్‌వేర్ నిర్మాణానికి కావలసిన వేదికను అందించడం రెండవది. సిద్ధంగా ఉన్న సాఫ్ట్‌వేర్‌నే సేవగా అందించడం మూడవది. వ్యాపారి నేరుగా వాడేది ప్రధానంగా ఈ మూడవ రకాన్ని.

3. విస్తరణ దశలు:

జర్మనీలో 1972లో ఏర్పడిన శాప్ సంస్థ, సరకు, జీతాలు, లెక్కలు మొదలైన వాటినన్నిటినీ ఒకే వ్యవస్థలో కలిపే సాఫ్ట్‌వేర్‌కు ప్రసిద్ధి పొందింది. అటువంటి వ్యవస్థను నెలకొల్పుకోవాలంటే సొంత సర్వర్లు, వాటికొక గది, చల్లదనం, నిపుణులు, ముందుగా పెద్ద మొత్తంలో పెట్టుబడి అవసరమయ్యేవి. అందువల్ల ఇది ప్రధానంగా పెద్ద సంస్థలకే పరిమితమైంది.

ఒరాకిల్‌లో పనిచేసిన మార్క్ బెనియాఫ్ తన సహచరులతో కలిసి 1999లో సేల్స్‌ఫోర్స్‌ను స్థాపించడం ఈ రంగంలో మలుపు. వినియోగదారుల వివరాలను నిర్వహించే సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్‌లో ప్రత్యేకంగా స్థాపించుకోనక్కరలేకుండా, బ్రౌజర్‌లోనే వాడుకొనే వీలును ఆ సంస్థ కల్పించింది. అమెజాన్ 2006లో నిల్వ సేవను, ఆపై సర్వర్లను గంటల లెక్కన అద్దెకిచ్చే సేవను ప్రారంభించింది. మైక్రోసాఫ్ట్ అజూర్ 2010లో వాణిజ్యపరంగా అందుబాటులోకి వచ్చింది. హైదరాబాద్‌లో జన్మించిన సత్య నాదెళ్ల ఆ సంస్థ క్లౌడ్ విభాగానికి నాయకత్వం వహించి, 2014లో ముఖ్య కార్యనిర్వహణాధికారి అయ్యారు. క్లౌడ్ అప్పటికే సంస్థ భవిష్యత్తుకు ఎంత కేంద్రమైందో దీనివల్ల అవగతమవుతుంది.

అడోబీ సంస్థ 2013లో తీసుకున్న నిర్ణయం కూడా గమనార్హం. తన ప్రధాన సృజన సాఫ్ట్‌వేర్ల కొత్త రూపాలను ఇకపై శాశ్వత హక్కుతో అమ్మబోనని, చందా పద్ధతిలోనే అందిస్తానని అది ప్రకటించింది. అంటే చందా అనేది కొనుగోలుకు ప్రత్యామ్నాయంగా మొదలై, కొన్నిచోట్ల ఏకైక మార్గంగా పరిణమించింది.

4. విస్తరణకు కారణాలు:

మొదటి కారణం వనరులను పంచుకోవడం. ఒక పెద్ద భవనాన్ని వాటాలుగా చేసి అద్దెకిచ్చినట్లు, ఒకే సాఫ్ట్‌వేర్‌ను అనేక సంస్థలు వాడుకొంటాయి. పునాది, మెట్లు, నీటి ట్యాంకు అందరివీ. గది తలుపు మాత్రం ఎవరిది వారిది. మరమ్మతు ఒకసారి చేస్తే అందరికీ వర్తిస్తుంది. అందువల్ల ఒక్కొక్కరిపై పడే ఖర్చు తగ్గుతుంది.

రెండవ కారణం హెచ్చుతగ్గుల నిర్వహణ. అనేక శాఖలున్న ఒక వస్త్ర దుకాణాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఆషాఢం తగ్గింపు అమ్మకాల్లో, సంక్రాంతి ముందు రోజుల్లో బిల్లులు అనేక రెట్లు పెరుగుతాయి. సొంత సర్వర్లయితే ఆ కొద్దిరోజుల రద్దీకి సరిపడేవి కొని, మిగిలిన ఏడాదంతా ఖాళీగా ఉంచవలసి వస్తుంది. క్లౌడ్‌లో ఆ రోజులకు మాత్రమే అదనపు శక్తిని తీసుకోవచ్చు.

మూడవది దూరం తగ్గడం. ఆడిటర్‌కు లెక్కలు అందించడానికి పెన్‌డ్రైవ్ పంపనక్కరలేదు. తన కార్యాలయంలోనే చూసుకొంటారు.

భారతదేశంలో పన్ను విధానం కూడా వ్యాపార లెక్కలను ఇంటర్నెట్‌కు చేరువ చేసింది. 2017 జూలై 1న వస్తు సేవల పన్ను అమలులోకి వచ్చింది. 500 కోట్ల రూపాయలకు మించిన టర్నోవర్ గల సంస్థలకు 2020 అక్టోబర్‌లో తప్పనిసరి అయిన ఎలక్ట్రానిక్ ఇన్‌వాయిస్, 2023 ఆగస్టు నాటికి 5 కోట్లు దాటినవారికీ వర్తించింది. మౌలిక వసతులూ చేరువయ్యాయి. 2022 నవంబర్‌లో అమెజాన్ తన క్లౌడ్ ప్రాంతాన్ని హైదరాబాద్ కేంద్రంగా ప్రారంభించింది.

5. చందాయా? అద్దెయా?

ఈ సేవలకు చెల్లించే రుసుమును తెలుగులో సాధారణంగా చందా అంటున్నారు. ఈ మాట ఇక్కడ ఎంతవరకు సరిపోతుందో ఆలోచించవలసి ఉంది. పత్రికకు చందా కట్టిన పాఠకుడు తరువాత మానివేసినా, అప్పటిదాకా వచ్చిన సంచికలు అతని ఇంట్లోనే ఉంటాయి. క్లౌడ్ సాఫ్ట్‌వేర్‌కు రుసుము ఆపితే, ఒప్పందంలోని గడువు తీరాక పాత లెక్కలు తెరిచే మార్గమే మూసుకుపోవచ్చు. కనుక దీని స్వభావం చందాకన్నా అద్దెకే దగ్గర. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు సామాను తీసుకుపోగలగడమే ఇక్కడ ముఖ్యమైన ప్రశ్న.

చట్టం దృష్టితో చూస్తే ఈ ప్రశ్న తీవ్రత తెలుస్తుంది. 2013 కంపెనీల చట్టంలోని 128వ సెక్షన్ ప్రకారం కంపెనీలు తమ ఖాతా పుస్తకాలను కనీసం 8 ఆర్థిక సంవత్సరాలు భద్రపరచాలి. 2022లో సవరించిన నిబంధనల ప్రకారం, ఎలక్ట్రానిక్ ఖాతాల ప్రతిని భారతదేశంలోనే ఉన్న సర్వర్లలో ప్రతిరోజూ నిల్వచేయాలి. సేవ పొందేది నెలల లెక్కన. లెక్క చెప్పవలసిన బాధ్యత ఏళ్ల తరబడి. సేవ ఆగినా బాధ్యత ఆగదు.

సమాచారాన్ని బయటకు తీసుకొనే సౌకర్యం ఉన్నంతమాత్రాన సమస్య పూర్తిగా తీరదు. పద్దులు పట్టికలుగా బయటికి రావచ్చు. కాని ఏ బిల్లు ఏ చెల్లింపుకు సంబంధించింది, ఏ మార్పును ఎవరు ఎప్పుడు చేశారు వంటి అనుబంధాలు వాటితోపాటు రాకపోతే, ఆ పట్టికలు చిట్టాగా మిగులుతాయే తప్ప ఆవర్జా కాలేవు.

పెద్ద సేవలకూ అంతరాయాలు తప్పవు. 2017 ఫిబ్రవరి 28న అమెరికాలోని ఉత్తర వర్జీనియాలో ఒక ఉద్యోగి ఆదేశాన్ని పొరపాటుగా ఇవ్వడంతో, ఉద్దేశించినదానికన్నా ఎక్కువ సర్వర్లు తొలగిపోయాయని అమెజాన్ స్వయంగా వివరించింది. దానిపై ఆధారపడిన అనేక వెబ్‌సైట్లు కొన్ని గంటలపాటు దెబ్బతిన్నాయి. అయితే దీనినిబట్టి సొంత కంప్యూటరే సురక్షితమని నిర్ధారించలేము. దొంగతనం, అగ్నిప్రమాదం, హార్డ్‌డిస్క్ చెడిపోవడం వంటి ముప్పులు ఒక చిన్న దుకాణానికి ఇంకా ఎక్కువ. క్లౌడ్‌లో ముప్పు తొలగిపోదు, దాని రూపం మారుతుంది.

ఈ పరాధీనతను ప్రభుత్వాలు గుర్తిస్తున్నాయి. 2025 సెప్టెంబర్ 12 నుంచి వర్తిస్తున్న ఐరోపా సమాఖ్య డేటా చట్టం, వినియోగదారుడు ఒక క్లౌడ్ సంస్థనుంచి మరొకదానికి మారడానికి ఉన్న ఆటంకాలను తొలగించాలని నిర్దేశించింది. మారినందుకు వసూలుచేసే రుసుములను 2027 జనవరి 12 నుంచి పూర్తిగా నిషేధించింది.

6. ముగింపు:

పెద్ద సంస్థలకే సాధ్యమైన సాఫ్ట్‌వేర్‌ను చిన్న వ్యాపారి అందుబాటులోకి తేవడం క్లౌడ్ సాధించిన ప్రయోజనం. దానిని కాదనవలసిన పనిలేదు. అయితే తక్కువ రుసుమును చూసి చేరేముందు, బయటికి వచ్చే దారిని కూడా చూసుకోవడం అవసరం. సేవ ముగిశాక సమాచారం ఎన్ని రోజులు అందుబాటులో ఉంటుందో ఒప్పందంలో చదవాలి. లెక్కల ప్రతిని నియమితంగా వేరొకచోట భద్రపరచాలి. ఆ ప్రతి నిజంగా తెరుచుకొంటుందో లేదో ఏడాదికొకసారైనా పరీక్షించాలి. బీరువా అద్దెదైనా, అందులోని ఆవర్జా వ్యాపారిదే. దానికి సంజాయిషీ చెప్పుకోవలసినవాడూ అతడే కనుక, తాళంచెవి కూడా అతనివద్ద ఉండడం న్యాయం.