సోంపేట బీల

శ్రీకాకుళం జిల్లా సోంపేట ప్రాంతమున, సముద్రతీరమునకు చేరువనున్న చిత్తడి నేలను అచటివారు ‘బీల’ అందురు. వానకాలపు నీరు అందు నిలుచును. ఆ నీటితో చేలు పండును, చేపలు పెరుగును, పశువులకు మేత దొరకును. కాగితములలో మాత్రము అది బంజరు! అచట 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్కేంద్రమును తలపెట్టగా రైతులు, మత్స్యకారులు ఏకమై ఎదిరించిరి. బీలను పూడ్చినచో వాననీరు ఎటు పోవలెను? కేంద్రపు వేడినీరు కడలిలో కలిసినచో వలలో ఏమి పడును? ఇవి వారి ప్రశ్నలు.

2010 జూలై 14న పోలీసు కాల్పులలో ఇద్దరు అసువులు బాసిరి. ఆ దినముననే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ పర్యావరణ అనుమతిని రద్దు చేసినది. కేంద్రము అచట వెలయలేదు.

విద్యుత్తు మనకందరకు కావలసినదే. అయినను, ఒక నేలను బంజరని వ్రాయుటకు ముందు, దానిపై ఎవరు బ్రతుకుచున్నారో మనము విచారింపవలదా?