పాతిక మీటర్ల పరీక్ష

ఒక ఆదివారం పొద్దున, కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంటు గేటు ముందు, మా నాన్నకు నేనే ఒక పరీక్ష పెట్టాను. ఆగి ఉన్న కారు దగ్గర నుంచి ముప్పై మూడు అంగలు కొలిచాను. సుమారు 25 మీటర్లు. అక్కడ నిలబడి నంబరు ప్లేటు చదవమన్నాను. నాన్నకు 71 ఏళ్లు. కళ్లజోడు సర్దుకుని అక్షరం తప్పకుండా చదివేశారు.

ఆ సాయంత్రమే ఏడింటికి కొత్తగూడ వైపు నుంచి ఇంటికి వస్తూ, యూటర్న్ దగ్గర ఆయన కారు ఆపేశారు. ఎదురుగా బారులు తీరిన కార్లు, వాటి తెల్లటి ఎల్ఈడీ లైట్లు. వెనక నుంచి హారన్లు. "ఆ లైట్లు దాటిపోయాక కాసేపు ఏమీ కనపడట్లేదురా. ఏ బండి ఎంత దూరంలో ఉందో అంతు చిక్కట్లేదు" అన్నారు. పొద్దున తప్పు లేకుండా చదివిన కళ్లే అవి.

ఆ పాతిక మీటర్ల పరీక్ష నేను కల్పించింది కాదు. లైసెన్సు దరఖాస్తుకు జతచేసే ఫారం 1లోని ప్రశ్న అది. మంచి పగటి వెలుతురులో, కళ్లజోడు వాడేవారైతే దానితోనే, 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు గుర్తించగలరా అని అడుగుతుంది. సాయంత్రం ఏడు గంటల సంగతి మాత్రం అడగదు.

చట్టం ఏమంటోంది?

పెద్ద వయసు డ్రైవర్లకు ఎప్పటికప్పుడు పరీక్షలు పెట్టాలా వద్దా అని వాదించుకునే ముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. వయసుతో పాటు తనిఖీ పెరగాలని మన చట్టం ఇప్పటికే ఒప్పుకుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, 30 ఏళ్ల లోపు తీసుకున్న లైసెన్సు 40 ఏళ్లు నిండేదాకా చెల్లుతుంది. 30 నుంచి 50 ఏళ్ల లోపు వారికి పదేళ్లు, 50 నుంచి 55 లోపు వారికి 60 నిండేవరకు, 55 దాటితే అయిదేళ్లే. 40 దాటినవారు డాక్టరు సంతకం చేసిన ఫారం 1ఎ కూడా ఇవ్వాలి.

అయితే రెన్యువల్‌కు బండి నడిపి చూపించనక్కర్లేదు. గడువు ముగిసి ఏడాది దాటిపోతేనే మళ్లీ టెస్టు. నాన్న లైసెన్సు తీసుకున్నది 1980లలో. సైబర్ టవర్స్ ప్రారంభమైంది 1998లో. ఫ్లైఓవర్లు, యూటర్న్‌లు, గంటకు 120 కిలోమీటర్ల వేగం అనుమతించే ఔటర్ రింగ్ రోడ్డు, ఇవన్నీ ఆ తర్వాత వచ్చాయి. అప్పటి మనిషిని అప్పటి రోడ్డు మీద చూసి ఇచ్చిన కాగితం, ఇప్పటి మనిషికి ఇప్పటి రోడ్డు మీద చెల్లుతోంది.

కన్ను దాచే నిజం

పగటి నంబరు ప్లేటు పరీక్షకు చిక్కనివి మూడున్నాయి. మొదటిది వెలుగుకు సంబంధించినది. వయసు పెరిగేకొద్దీ కంటిపాప చిన్నదవుతుంది. చీకట్లో కూడా కుర్రవాళ్లకు విచ్చుకున్నట్టు విచ్చుకోదు. లోపలి కటకం పసుపెక్కుతుంది. ఈ రెండింటి వల్ల అరవై ఏళ్ల కంటిలో రెటీనాకు చేరే వెలుగు, ఇరవై ఏళ్ల కంటితో పోలిస్తే సుమారు మూడో వంతే. మసకబారిన కటకం గుండా వచ్చే ఎదుటి లైటు చెదిరి, కళ్ల ముందు తెల్లటి తెర కట్టినట్టవుతుంది. ఆ మిరుమిట్ల నుంచి తేరుకోవడానికి పట్టే సమయమూ పెరుగుతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే కారు అర సెకనులో ఏడు మీటర్లు దాటేస్తుంది. యూటర్న్ దగ్గర ప్రాణానికీ ప్రమాదానికీ మధ్య అంత దూరం కూడా ఉండదు.

రెండోది ధ్యాసకు సంబంధించినది. చూపు ఒకచోట నిలిపినప్పుడు, తల తిప్పకుండానే పక్కన జరిగేదాన్ని ఎంత మేర పసిగట్టగలం? కొలవడానికి ఒక పరీక్ష ఉంది. తెర మధ్యలో ఒక బొమ్మ క్షణకాలం మెరుస్తుంది, అదే క్షణంలో అంచున మరొకటి. మధ్యలోది ఏమిటో, అంచున ఉన్నది ఎక్కడో చెప్పాలి. అమెరికాలో 55 నుంచి 87 ఏళ్ల మధ్య డ్రైవర్లను మూడేళ్లు గమనించి 1998లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ ధ్యాస పరిధి 40 శాతమో అంతకన్నా ఎక్కువో తగ్గినవారికి ప్రమాదాల ముప్పు రెట్టింపుకు పైగా ఉందని తేలింది. కొత్తగూడలో ఎదుటి కార్ల మధ్య సందు కోసం చూస్తున్న మనిషికి, ఎడమ పక్క నుంచి దూసుకొచ్చే ఫుడ్ డెలివరీ బైకు కనపడాలంటే కావలసింది ఈ శక్తే. నంబరు ప్లేటు చదివించి దీన్ని కొలవలేం.

మూడోది అన్నింటికన్నా మొండిది. నీటికాసుల జబ్బు, అంటే గ్లాకోమా, చూపును అంచుల నుంచి తినుకుంటూ వస్తుంది. నొప్పి ఉండదు. నడిమి చూపు చివరిదాకా బాగానే ఉంటుంది. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996 నుంచి 2000 వరకు నగరంలోనూ పల్లెల్లోనూ పదివేల మందికి పైగా కళ్లు పరీక్షించింది. నగరంలో ఈ జబ్బు బయటపడినవారిలో అత్యధికులకు అది తమకున్నట్టు అప్పటిదాకా తెలియదు. ఫారం 1 ఏమో "నాకు ఏ లోపమూ లేదు" అని సొంతంగా రాసిమ్మంటుంది. నాన్న లాంటివాళ్లు అబద్ధం రాయరు. తెలియని లోపాన్ని నిజాయితీగా లేదనే రాస్తారు. సొంత హామీ మీద నడిచే పద్ధతి అక్కడే విఫలమవుతుంది.

పరీక్ష పెట్టిన దేశాలు

అయితే అందరికీ టెస్టు పెట్టేస్తే సరిపోతుందా? డెన్మార్క్ 2006లో 70 దాటినవారికి మెదడు చురుకుదనం పరీక్ష తప్పనిసరి చేసింది. 2012లో పరిశోధకులు లెక్కలు తీస్తే పెద్దలు నడిపే కార్ల ప్రమాదాలు తగ్గలేదు. పైగా కారు లేకుండా రోడ్డెక్కిన పెద్దవాళ్ల మరణాలు పెరిగాయి. కారు వదిలి నడకకూ సైకిలుకూ మళ్లినవాళ్లు ఇంకా పెద్ద ముప్పులో పడ్డారన్నమాట. డెన్మార్క్‌లోనే అలా జరిగితే, ఫుట్‌పాత్ మీద బైకులు ఆగి ఉండే మన దగ్గర ఏం జరుగుతుందో ఊహించుకోండి. కొండాపూర్‌కు మెట్రో లేదు. కారు తాళాలు తీసేసుకుంటే మా నాన్న హైటెక్ సిటీ స్టేషన్‌కు చేరడమే ఒక సాహసం.

మన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్న అమెరికా ఇలినాయ్ రాష్ట్రంలో 79 దాటితే రోడ్డు టెస్టు తప్పనిసరిగా ఉండేది. 2025లో చట్టం మార్చి ఆ వయసును 87కు పెంచారు. జపాన్ మరో దారి పట్టింది. 2019 ఏప్రిల్‌లో టోక్యోలోని ఇకెబుకురోలో 87 ఏళ్ల డ్రైవరు బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కడంతో ఒక తల్లీ, మూడేళ్ల కూతురూ చనిపోయారు. దేశం కదిలిపోయింది. 75 దాటినవారికి మెదడు చురుకుదనం పరీక్ష అప్పటికే ఉంది. 2022 నుంచి, ఆ వయసువారిలో కొన్ని నిర్దిష్ట ఉల్లంఘనలకు పాల్పడినవారికి రోడ్డు టెస్టు కూడా పెట్టారు. వయసును మాత్రమే బట్టి కాక, కనబడిన లక్షణాన్ని కూడా బట్టి పెట్టే పరీక్ష అది.

ఒక మాట మరవకూడదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని బలిగొన్నాయి. వారిలో మూడింట రెండు వంతుల మంది 18 నుంచి 45 ఏళ్ల వారు. రోడ్ల మీద రక్తానికి ముసలివాళ్లే కారణమని ఎవరైనా అంటే అది అన్యాయం.

మనకు కావలసింది

కాబట్టి నేను కోరేది తాళాలు లాక్కునే పరీక్షను కాదు, జబ్బును బయటపెట్టే పరీక్షను. 40 దాటాక ప్రతి రెన్యువల్‌కూ కంటి నిపుణుడి దగ్గర అంచు చూపు, మసక వెలుతురులో చూపు, కంటి ఒత్తిడి చూడాలి. మనిషిని చూడకుండా ఫారం 1ఎ మీద సంతకం పడే అవకాశమే ఉండకూడదు. రోడ్డు టెస్టు అందరికీ అక్కర్లేదు. ఈ-చలానాలు వరుసగా పడుతున్నవారికీ, డాక్టరు అనుమానించినవారికీ చాలు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో లాగా, ఇంటికి ఇంత దూరం లోపలే నడపవచ్చనే పరిమిత లైసెన్సు కూడా ఉండాలి.

తీసుకున్నదాని స్థానంలో ఏదో ఒకటి ఇవ్వడమూ బాధ్యతే. రంగులు గుర్తించలేడని తేలిన తెలంగాణ ఆర్టీసీ డ్రైవరు కేసులో 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. డ్రైవింగ్‌కు పనికిరాడని పంపేయడం కాదు, తగిన మరో పని చూపాలని సంస్థను ఆదేశించింది. స్టీరింగ్ వదిలే ప్రతి పెద్దమనిషికీ ఆ న్యాయం వర్తించాలి. ఆయనకు నడవగలిగే ఫుట్‌పాత్, ఎక్కగలిగే బస్సు కావాలి.

మా నాన్న కళ్లు చూపిస్తే రెండింటిలోనూ శుక్లాలని తేలింది. శుక్లం తీయించుకున్న పెద్దల్లో ప్రమాదాలు, తీయించుకోనివారితో పోలిస్తే సగానికి తగ్గాయని 2002లో వెలువడిన మరో అమెరికన్ అధ్యయనం చెప్పింది. ఆపరేషన్లు అయి రెండు నెలలు గడిచాక, ఒక సాయంత్రం ఏడింటికి గేటు ముందు మళ్లీ ముప్పై మూడు అంగలు కొలిచాను. వీధి లైటు వెలుతురులో, ఎదురుగా కార్లు వస్తుండగానే, నాన్న ప్లేటు చదివేశారు. తర్వాత తాళాలు నా చేతిలో పెట్టి, "పగలు నేను నడుపుతాలే. రాత్రి ఔటర్ మీద మాత్రం నువ్వే నడుపు" అన్నారు.